గేమ్‌లో పింగ్ ఎగిరిపోతోందా? నెట్ ప్లాన్ పెంచే ముందు కంప్యూటర్‌లో ఈ సెట్టింగ్స్ చూసుకోండి!

ఆన్‌లైన్ గేమ్స్ ఆడేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ విసిగించేది ల్యాగ్. గురి సరిగ్గానే ఉంటుంది, క్లిక్ కూడా టైమ్‌కే పడుతుంది. కానీ అవతలి ప్లేయరే ముందు కాల్చేసినట్టు స్క్రీన్ మీద కనిపిస్తుంది. ర్యాంక్డ్ మ్యాచ్ మధ్యలో కనెక్షన్ తెగితే నష్టం ఇంకా ఎక్కువ. మ్యాచ్ వదిలేసి వెళ్లిపోయారంటూ గేమ్ వేసే పెనాల్టీ కూడా భరించాలి. దీంతో చాలామంది చేసే మొదటి పని నెట్ ప్లాన్ పెంచుకోవడం. 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మారతారు. బిల్లు పెరుగుతుంది.. ల్యాగ్ మాత్రం ఎక్కడికీ పోదు.

ఎందుకంటే చాలా ఇళ్లలో ల్యాగ్‌కు కారణం స్పీడ్ తక్కువ కావడం కాదు. వైఫై సిగ్నల్ తడబడటమో, వెనకాల ఏదో ఫైల్ అప్‌లోడ్ అవుతుండటమో, దూరంగా ఉన్న సర్వర్‌కు కనెక్ట్ కావడమో అసలు కారణం. అందుకే జేబులో డబ్బు తీసే ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో కనిపెట్టాలి. విండోస్ 11 కంప్యూటర్‌లో అది ఎలా కనిపెట్టాలి? ఏ సెట్టింగ్ నిజంగా పనిచేస్తుంది? ఏది ఉత్త ప్రచారం? పూర్తి వివరాలు ఇవి.

అది నెట్ ల్యాగా? కంప్యూటర్ స్లోనా?

ఈ రెండింటినీ కలిపేసి చూడటమే మొదటి పొరపాటు. గేమ్ తడబడిన ప్రతిసారీ నెట్‌ను తిట్టుకోనక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డ్ బొమ్మలను తగినంత వేగంగా గీయలేకపోయినా గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌లు వస్తుంటే ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 30 ఫ్రేమ్‌లకు పడిపోతే అదే 33 మిల్లీసెకన్లు. నెట్ బాగున్నా సరే, ఆట బరువుగా అనిపిస్తుంది.

తేడా తెలుసుకోవడం సులువే. కెమెరా తిప్పుతుంటేనే బొమ్మ తడబడుతోందంటే అది కంప్యూటర్ సమస్య. కెమెరా మాత్రం హాయిగా తిరుగుతూ, మిగతా ప్లేయర్లు ఉన్నట్టుండి ఒకచోటి నుంచి మరోచోటికి దూకుతున్నా, మీ క్యారెక్టర్ ముందుకెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి పడుతున్నా అది నెట్ సమస్య. నెట్ లేకుండా ఆడే ప్రాక్టీస్ మోడ్‌లో కూడా తడబాటు ఉంటే గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గించుకోవాలి. రౌటర్‌తో దానికి సంబంధం లేదు.

పింగ్, జిట్టర్, ప్యాకెట్ లాస్.. ఈ మూడే కీలకం

పింగ్ అంటే మీ కంప్యూటర్ నుంచి బయల్దేరిన సమాచారం గేమ్ సర్వర్‌ను చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను. షూటింగ్ గేమ్‌లకు సాధారణంగా 30 లోపు ఉంటే చాలా బాగున్నట్టు. 60 వరకు ఇబ్బంది ఉండదు. 100 దాటితే మాత్రం తేడా చేతికి తెలిసిపోతుంది.

జిట్టర్ అంటే ఆ పింగ్‌లో వచ్చే ఎగుడుదిగుడు. ఒకసారి 25, మరుక్షణం 140, మళ్లీ 30 అన్నట్టు మారుతుంటే ఆడటం నరకమే. నిలకడగా 70 ఉన్న కనెక్షన్, 25కీ 140కీ మధ్య ఊగే కనెక్షన్ కంటే ఎంతో మేలు. స్థిరమైన ఆలస్యానికి చెయ్యి అలవాటు పడుతుంది, ఊగిసలాటకు పడదు.

ప్యాకెట్ లాస్ అంటే పంపిన సమాచారంలో కొంత దారిలోనే పోవడం. వంద ప్యాకెట్లలో రెండు మూడు పోయినా కాల్చిన బుల్లెట్ లెక్కలోకి రాకపోవచ్చు.

ఈ లెక్కలు గేమ్‌లోనే కనిపిస్తాయి. వాలరెంట్‌లో వీడియో సెట్టింగ్స్ కింద స్టాట్స్ విభాగంలో నెట్‌వర్క్ ఆర్‌టీటీ, ప్యాకెట్ లాస్ ఆన్ చేసుకోవచ్చు. కౌంటర్ స్ట్రైక్ 2లో గేమ్ సెట్టింగ్స్‌లోని టెలిమెట్రీ విభాగంలో ఇలాంటివే ఉంటాయి. ముందు వీటిని ఆన్ చేసి ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి చూడండి. ఏ లెక్క పెరిగినప్పుడు ల్యాగ్ వస్తోందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

గోడ వెనక దాక్కున్నా బుల్లెట్ ఎందుకు తగులుతుంది?

చాలామందికి ఉండే డౌట్ ఇది. గోడ చాటుకు వెళ్లిపోయాక కూడా చచ్చిపోయినట్టు చూపిస్తుంది. ఇది ప్రతిసారీ చీటింగ్ కాదు. అవతలి ప్లేయర్ కాల్చిన క్షణంలో అతని స్క్రీన్ మీద మీరు ఇంకా బయటే ఉన్నారు. సర్వర్ కాస్త వెనక్కి వెళ్లి, అతను కాల్చినప్పుడు మీరు ఎక్కడున్నారో చూసి తీర్పు చెబుతుంది. దీన్నే ల్యాగ్ కాంపెన్సేషన్ అంటారు. దూరంగా ఉన్నవాళ్లకు అన్యాయం జరగకుండా పెట్టుకున్న ఏర్పాటు ఇది. అంటే అవతలివాళ్ల పింగ్ ఎక్కువైనా దాని ప్రభావం కొంత మీ మీద పడుతుంది. మీ సెట్టింగ్స్ ఎంత మార్చినా ఆ భాగం మారదు.

ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి

దీనికి ఏ యాప్ అక్కర్లేదు. విండోస్‌లోనే ఉన్న కమాండ్ ప్రాంప్ట్ చాలు. స్టార్ట్ మెనూలో సెర్చ్ చేసి తెరవండి.

మొదటి దశ: ఐపీకాన్ఫిగ్ కమాండ్ ఇస్తే డిఫాల్ట్ గేట్‌వే అనే వరుసలో మీ రౌటర్ నంబర్ కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. ఇప్పుడు పింగ్ కమాండ్ టైప్ చేసి, స్పేస్ ఇచ్చి ఆ నంబర్ కొట్టి, మళ్లీ స్పేస్ ఇచ్చి మైనస్ గుర్తు, దాన్ని ఆనుకునే ఇంగ్లీష్ టి అక్షరం ఇవ్వండి. ఆపే వరకు పింగ్ నడుస్తూనే ఉంటుంది. రెండు మూడు నిమిషాల తర్వాత కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగి.. కనిష్ఠం, గరిష్ఠం, సగటు, పోయిన ప్యాకెట్లు అన్నీ చూపిస్తుంది.

రెండో దశ: ఇంకో విండో తెరిచి ఇదే పద్ధతిలో 8.8.8.8 లేదా 1.1.1.1కు పింగ్ పెట్టండి. ఇవి గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ నడిపే పబ్లిక్ డీఎన్ఎస్ సర్వర్ల నంబర్లు. ఇంటి బయట నెట్ ఎలా ఉందో వీటితో తెలుస్తుంది.

మూడో దశ: ఈ రెండూ నడుస్తుండగానే గేమ్ ఆడండి. ల్యాగ్ వచ్చిన వెంటనే విండోలు తెరిచి చూడండి.

ఫలితాన్ని ఇలా అర్థం చేసుకోవాలి. రౌటర్ పింగే ఎగిరెగిరి పడుతుంటే సమస్య ఇంట్లోనే, ముఖ్యంగా వైఫైలో ఉంది. కేబుల్ మీద రౌటర్ పింగ్ సాధారణంగా 1 మిల్లీసెకను లోపే ఉంటుంది. మంచి వైఫై మీద కూడా కొద్ది మిల్లీసెకన్లకు మించకూడదు. రౌటర్ పింగ్ బాగుండి, బయటి పింగ్ మాత్రం ఎగురుతుంటే రెండు అవకాశాలు. ఇంట్లో ఎవరైనా నెట్ గట్టిగా వాడినప్పుడే ఎగిరితే లైన్ నిండిపోతోందని అర్థం. ఇంట్లో ఎవరూ వాడకపోయినా రోజూ రాత్రి ఎగురుతుంటే నెట్ కంపెనీ వైపు రద్దీ ఉన్నట్టు. రెండూ నిలకడగా ఉండి గేమ్‌లో మాత్రమే పింగ్ పెరిగితే గేమ్ సర్వర్‌లోనో, అక్కడికి వెళ్లే దారిలోనో తేడా ఉంది.

ఈ టెస్ట్ చేయకుండా సెట్టింగ్స్ మార్చడమంటే జబ్బేంటో తెలియకుండా మందు వేసుకోవడమే.

వైఫై వదిలి కేబుల్ పెడితే సగం సమస్య పోతుంది

రౌటర్ పింగ్ ఊగుతున్నట్టు తేలితే అన్నిటికంటే గట్టి పరిష్కారం ల్యాన్ కేబుల్. వైఫైలో ఇంట్లోని ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే గాలి దారిని పంచుకోవాలి. ఒక ఛానల్‌లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. పక్క ఫ్లాట్ వైఫై కూడా అదే ఛానల్‌లో ఉంటే దాని కోసం కూడా ఆగాలి. కేబుల్‌కు ఈ గొడవ లేదు.

క్యాట్ 5ఈ రకం కేబుల్ 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని మోయగలదు. గేమ్‌కు అంతకంటే ఖరీదైనది అక్కర్లేదు. ‘గేమింగ్ కేబుల్’ అని ఎక్కువ రేటు చెబితే నమ్మొద్దు. సన్నటి ల్యాప్‌టాప్‌లో ల్యాన్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కు మార్చే అడాప్టర్ దొరుకుతుంది. రౌటర్ హాల్లో, కంప్యూటర్ బెడ్‌రూమ్‌లో ఉంటే తలుపు కింద నుంచి వెళ్లే బల్లపరుపు కేబుళ్లు కూడా ఉన్నాయి.

వైఫై తప్పదంటే ఇవి మార్చండి

అద్దె ఇల్లు, హాస్టల్ గది.. కేబుల్ లాగే వీలు అందరికీ ఉండదు. అప్పుడు చేయాల్సినవి ఇవి.

ఒకటి, 2.4 గిగాహెర్ట్జ్ వదిలి 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారాలి. 2.4లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానళ్లు 1, 6, 11.. మూడే. అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్లు ఆ మూడింటిలోనే కొట్టుకుంటాయి. పైగా మైక్రోవేవ్ ఒవెన్, బ్లూటూత్ హెడ్‌సెట్ పనిచేసేది కూడా అదే బ్యాండ్‌లో. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. అయితే గోడలను దాటడంలో అది కాస్త వీక్. కాబట్టి రౌటర్ అదే గదిలోనో, పక్క గదిలోనో ఉండాలి.

రెండు, కంప్యూటర్ తనంతట తాను 2.4కు మారిపోకుండా చూడాలి. డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో వైఫై కార్డ్ మీద డబుల్ క్లిక్ చేసి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోకి వెళ్లండి. ప్రిఫర్డ్ బ్యాండ్ అనే ఆప్షన్ ఉంటే 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. అన్ని కార్డుల్లోనూ ఈ ఆప్షన్ ఉండదు.

మూడు, అదే చోట రోమింగ్ అగ్రెసివ్‌నెస్ కనిపిస్తే తక్కువకు పెట్టండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో గడియారం పెట్టినట్టు కొద్ది సేపటికోసారి పింగ్ ఎగురుతుంటుంది. ఇంతకంటే మంచి సిగ్నల్ ఉందేమోనని వైఫై కార్డ్ చుట్టుపక్కల వెతకడం అందుకు ఒక కారణం. ఇంట్లో ఒకటే రౌటర్ ఉన్నప్పుడు ఆ వెతుకులాట వల్ల ఉపయోగం లేదు.

నాలుగు, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే అందులో ‘పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి’ అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి. బ్యాటరీ మీద ఆడేవాళ్లకు ఇది ముఖ్యం. ఛార్జర్ పెట్టి ఆడితే ఇంకా మంచిది.

ఐదు, రౌటర్‌ను టీవీ వెనక, అల్మారాలో, నేల మీద పెట్టొద్దు. ఎత్తులో, చుట్టూ అడ్డం లేని చోట పెట్టాలి. ఖర్చు లేని చిట్కా ఇదే.

వెనకాల నెట్‌ను ఎవరు తాగేస్తున్నారు?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో నెట్‌వర్క్ కాలమ్ మీద క్లిక్ చేస్తే నెట్ ఎక్కువ వాడుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. ఇంకా వివరంగా కావాలంటే రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూడొచ్చు. సాధారణంగా అక్కడ దొరికే పేర్లు ఇవే.

విండోస్ అప్‌డేట్: డౌన్‌లోడ్ చేసుకున్న అప్‌డేట్లను ఇతర కంప్యూటర్లకు పంచే డెలివరీ ఆప్టిమైజేషన్ అనే ఫీచర్ విండోస్‌లో ఉంది. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్ వరుసలో వెళ్లి ఇతర కంప్యూటర్లతో పంచుకునే స్విచ్ ఆఫ్ చేయండి. డౌన్‌లోడ్‌కు, అప్‌లోడ్‌కు పరిమితి పెట్టే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది.

క్లౌడ్ బ్యాకప్: వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివి కొత్త ఫైల్ కనిపించగానే అప్‌లోడ్ మొదలుపెడతాయి. ఆడే ముందు టాస్క్‌బార్‌లో వాటి గుర్తు మీద క్లిక్ చేసి సింక్‌ను పాజ్ చేయొచ్చు. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టుకోవచ్చు.

గేమ్ లాంచర్లు: ఒక గేమ్ ఆడుతుండగా ఇంకో లాంచర్ వెనకాల పెద్ద అప్‌డేట్ దించుకుంటూ ఉండొచ్చు. స్టీమ్‌లో ఆట నడుస్తున్నప్పుడు డౌన్‌లోడ్లు అనుమతించే ఆప్షన్ ఆఫ్‌లో ఉండాలి. మిగతా లాంచర్లను మూసేయడం మేలు.

ఒకే దెబ్బకు చాలావరకు తగ్గించాలంటే మీటర్డ్ కనెక్షన్ ఉంది. నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ సెట్టింగ్స్‌లో మీ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి దీన్ని ఆన్ చేస్తే, డేటా పొదుపుగా వాడాలని విండోస్ అర్థం చేసుకుంటుంది. అప్‌డేట్ డౌన్‌లోడ్లు, సింక్ లాంటివి తగ్గుతాయి. అయితే సెక్యూరిటీ అప్‌డేట్లు వాయిదా పడుతూ పోకుండా, ఆట లేని సమయంలో దాన్ని మళ్లీ ఆఫ్ చేయాలి.

అసలు దొంగ పక్క గదిలోని ఫోన్ కావచ్చు!

కంప్యూటర్‌లో అన్నీ ఆపేసినా ల్యాగ్ వస్తోందా? అయితే ఇంట్లోవాళ్ల ఫోన్లు చూడాలి. పెళ్లికి వెళ్లొచ్చిన ఫోన్ వైఫైకి కనెక్ట్ కాగానే వందల ఫొటోలు, వీడియోలు గూగుల్ ఫొటోస్‌కు ఎక్కడం మొదలవుతుంది. ఎవరో రీల్ అప్‌లోడ్ చేస్తుంటారు. అప్పుడు రౌటర్‌లో జరిగేది ఇదీ.

అప్‌లోడ్ లైన్ నిండిపోగానే, వెళ్లలేని సమాచారం రౌటర్‌లో వరుసగా పేరుకుంటుంది. రేషన్ షాపు దగ్గర క్యూ లాంటిదే. గేమ్ పంపే చిన్న ప్యాకెట్ కూడా ఆ క్యూ చివరే నిలబడాలి. ఉదాహరణకు అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ అనుకుందాం. రౌటర్‌లో 500 కిలోబైట్ల క్యూ ఉంటే అది ఖాళీ కావడానికి 0.8 సెకన్లు పడుతుంది. అంటే పింగ్‌కు ఏకంగా 800 మిల్లీసెకన్లు కలుస్తాయి. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. అమెరికా కంప్యూటర్ ఇంజనీర్ జిమ్ గెటిస్ తన ఇంటి నెట్‌లోనే దీన్ని గమనించి 2010 ప్రాంతంలో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు.

మీ ఇంట్లో ఇది ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. 8.8.8.8కు పింగ్ నడుస్తుండగా ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ చేయండి. 20, 30 ఉన్న పింగ్ వందల్లోకి వెళ్తే దొంగ దొరికినట్టే.

దీనికి సరైన మందు రౌటర్‌లో ఉంటుంది. కొన్ని రౌటర్లలో స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్ అనే ఆప్షన్ వస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోగల రౌటర్లలోనూ ఇది దొరుకుతుంది. క్యాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో బయటపెట్టిన కోడెల్ అనే పద్ధతి ఇలాంటి వాటికి మూలం. ఇది క్యూ పెరగకుండా చూస్తూ, చిన్న ప్యాకెట్లు పెద్ద డౌన్‌లోడ్ల వెనక ఇరుక్కోకుండా దారి ఇస్తుంది. స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన వేగంలో దాదాపు 90 శాతాన్ని హద్దుగా పెట్టాలి. అప్‌లోడ్ 50 వస్తుంటే 45 అన్నమాట. కొంచెం స్పీడ్ వదులుకుంటే నిలకడ వస్తుంది.

నెట్ కంపెనీ ఇచ్చిన బాక్స్‌లో ఈ ఆప్షన్ లేకపోతే, క్యూ పెంచేవాళ్లనే కట్టడి చేయాలి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌ను ఆట సమయంలో ఆపడం, వన్‌డ్రైవ్‌కు, స్టీమ్‌కు వేగ పరిమితి పెట్టడం లాంటివి. రౌటర్‌లో క్యూఓఎస్ అనే ఆప్షన్ ఉంటే మీ కంప్యూటర్‌కు ప్రాధాన్యం ఇవ్వొచ్చు.

స్పీడ్ పెంచితే ల్యాగ్ తగ్గుతుందా?

చాలా షూటింగ్ గేమ్‌లు ఆడుతున్నప్పుడు సెకనుకు 1 మెగాబిట్ కూడా వాడవు. గేమ్ పంపేది వీడియో కాదు. ఎవరు ఎక్కడున్నారు, ఏ బటన్ నొక్కారు అనే చిన్న సమాచారమే. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఆట స్థితిని లెక్క వేస్తుంది. ఆ సమాచారానికి కావాల్సింది వెడల్పైన దారి కాదు, ఆగకుండా వెళ్లే దారి.

ఒక్క సందర్భంలో మాత్రం ప్లాన్ పెంచడం ఉపయోగపడుతుంది. ఇంట్లో ఐదారుగురు ఒకేసారి వాడి లైన్ నిజంగానే నిండిపోతుంటే పెద్ద ప్లాన్ క్యూను త్వరగా ఖాళీ చేస్తుంది. అప్పుడు కూడా డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్ ఎంత ఇస్తున్నారో అడిగి తీసుకోవాలి. గేమ్ డౌన్‌లోడ్ త్వరగా పూర్తవడం వేరు, పింగ్ తగ్గడం వేరు.

సర్వర్ ఎంచుకోవడంలోనే అసలు కిటుకు

ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. లెక్క వేస్తే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి 1 మిల్లీసెకను పడుతుంది. హైదరాబాద్ నుంచి ముంబై నేరుగా 600 కిలోమీటర్ల పైచిలుకు. అంటే 6 మిల్లీసెకన్ల కంటే తగ్గడం అసాధ్యం. సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు. అక్కడికి 33 మిల్లీసెకన్లు కనీస ఖర్చు. కేబుళ్లు నేరుగా వెళ్లవు కాబట్టి అసలు పింగ్ ఇంకా ఎక్కువే ఉంటుంది.

అందుకే సర్వర్ ఎక్కడుందో ముందు చూడాలి. వాలరెంట్‌కు ముంబైలో సర్వర్లు ఉన్నాయి. కౌంటర్ స్ట్రైక్ 2కు ముంబై, చెన్నైలలో ఉన్నాయి. డోటా 2లో ఇండియా రీజియన్ విడిగా ఎంచుకోవచ్చు. కౌంటర్ స్ట్రైక్ 2 గేమ్ సెట్టింగ్స్‌లో ‘మ్యాచ్‌మేకింగ్‌కు ఒప్పుకునే గరిష్ఠ పింగ్’ అనే ఆప్షన్ ఉంది. దాన్ని తగ్గిస్తే దూరపు సర్వర్లలోకి పడే అవకాశం తగ్గుతుంది. కాకపోతే మ్యాచ్ దొరకడానికి ఎక్కువసేపు ఆగాల్సి రావచ్చు.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో, స్నేహితులతోనో కలిసి ఆడే తెలుగువాళ్లకు ఇక్కడో చిక్కుంది. న్యూజెర్సీకీ హైదరాబాద్‌కీ మధ్య దాదాపు 13 వేల కిలోమీటర్లు. కాంతి వేగంతోనే 130 మిల్లీసెకన్లు పోతాయి. సర్వర్ ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరికి, లేదా ఇద్దరికీ కొంత పింగ్ తప్పదు. అలాంటప్పుడు షూటింగ్ గేమ్‌ల కంటే వంతులవారీగా ఆడే గేమ్‌లు, పజిల్ గేమ్‌లు హాయి.

ఈ చిట్కాలతో టైమ్ వేస్ట్!

యూట్యూబ్, సోషల్ మీడియాలో పింగ్ తగ్గించే ట్రిక్స్ అంటూ తిరిగే వాటిలో చాలావరకు ఆటకు సంబంధం లేనివే.

డీఎన్ఎస్ మార్చడం: డీఎన్ఎస్ పని సర్వర్ పేరును నంబర్‌గా మార్చి ఇవ్వడం. కనెక్ట్ అయ్యాక దాని పాత్ర అయిపోతుంది. లాగిన్ కాస్త త్వరగా కావచ్చేమో కానీ మ్యాచ్‌లో పింగ్ తగ్గదు.

విండోస్ 20 శాతం నెట్‌ను దాచుకుంటుందన్న ప్రచారం: విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి తిరుగుతున్న అపోహ ఇది. ఏదైనా ప్రోగ్రామ్ ప్రత్యేకంగా ప్రాధాన్యం అడిగితే తప్ప మొత్తం వేగం అందరికీ అందుబాటులోనే ఉంటుందని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో స్పష్టం చేసింది.

నేగల్ అల్గారిథమ్ ఆపే రిజిస్ట్రీ ట్రిక్: చిన్న చిన్న ప్యాకెట్లను కలిపి పంపే ఈ పద్ధతిని జాన్ నేగల్ 1984లో ప్రతిపాదించారు. ఇది టీసీపీ అనే పద్ధతికి మాత్రమే వర్తిస్తుంది. వేగంగా ఆడే షూటింగ్ గేమ్‌లు ఎక్కువగా యూడీపీ వాడతాయి. కాబట్టి వాటిలో తేడా ఉండదు. టీసీపీ వాడే కొన్ని ఆన్‌లైన్ గేమ్‌లలో మాత్రం కొంత ఉపయోగం ఉండొచ్చు.

నెట్‌వర్క్ థ్రాట్లింగ్ ఇండెక్స్ మార్చడం: పాటలు, వీడియోలు తడబడకుండా విండోస్ పెట్టే ఈ హద్దు మామూలుగా మిల్లీసెకనుకు 10 ప్యాకెట్లు, అంటే సెకనుకు 10 వేలు. గేమ్ వాడేది సెకనుకు వందల్లోనే. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్ తీసేయడం లాంటిది ఈ ట్రిక్.

ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఆపేయడం: ఇది ప్రమాదం. గేమ్‌ను ఫైర్‌వాల్‌లో అనుమతిస్తే సరిపోతుంది. అలాగే ఎవరో పంపిన లింక్ నుంచి ‘పింగ్ బూస్టర్’ దించుకోవద్దు. అడ్మిన్ అనుమతి ఇచ్చాక అది కంప్యూటర్‌లో ఏం చేసినా అడ్డుకోవడం కష్టం. పాస్‌వర్డ్‌లు, గేమ్ అకౌంట్ కూడా పోవచ్చు.

వీపీఎన్ వాడితే పింగ్ తగ్గుతుందా?

మామూలుగా పెరుగుతుంది. ఎందుకంటే మధ్యలో ఇంకో మజిలీ కలుస్తుంది. నెట్ కంపెనీ మీ సమాచారాన్ని చుట్టు తిప్పి పంపుతున్నప్పుడు మాత్రమే వీపీఎన్ దగ్గరి దారి చూపించొచ్చు. ఇది తెలుసుకోవాలంటే విండోస్‌లోని ట్రేస్‌రూట్ కమాండ్ ఉపయోగపడుతుంది. సమాచారం ఏయే మజిలీల మీదుగా వెళ్తోందో వరుసగా చూపిస్తుంది. మధ్యలో నక్షత్రాలు కనిపించగానే కంగారు పడొద్దు. కొన్ని రౌటర్లు ఇలాంటి టెస్ట్‌లకు జవాబివ్వవు, అంతే. ఒక మజిలీ దగ్గర పెరిగిన ఆలస్యం చివరి వరకు కొనసాగితేనే అది అసలు సమస్య. ఏడాది ప్యాక్ కొనే ముందు ట్రయల్‌తో పింగ్ చూసుకోవడం మంచిది.

ఏం చేసినా తగ్గకపోతే?

కొన్నిసార్లు కారణం ఊహించని చోట ఉంటుంది. 2025 సెప్టెంబర్ 6న ఎర్ర సముద్రంలో ఇంటర్నెట్ కేబుళ్లు తెగినప్పుడు భారత్ సహా పలు దేశాల్లో నెట్ మందగించింది. ఆ మార్గంలో వెళ్లే సమాచారానికి ఆలస్యం పెరగొచ్చని మైక్రోసాఫ్ట్ తన అజ్యూర్ కస్టమర్లను హెచ్చరించింది. అలాంటి రోజున యూరప్ సర్వర్లలో ఆడేవాళ్లు ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. ముందు గేమ్ కంపెనీ సర్వర్ స్టేటస్ పేజీ చూసుకోవాలి.

సమస్య నెట్ కంపెనీ వైపే ఉందని తేలితే ‘నెట్ స్లోగా ఉంది’ అని చెప్పి ఊరుకోవద్దు. కేబుల్ మీద తీసిన రౌటర్ పింగ్, బయటి పింగ్ రెండింటి స్క్రీన్‌షాట్లు, తేదీ, సమయంతో సహా చూపించండి. ఇంటి లోపల లోపం లేదని అప్పుడే రుజువవుతుంది. ఫిర్యాదు నంబర్ తప్పకుండా తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి వెళ్లే వీలుంది. ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల్లో డౌన్‌లోడ్ వేగంతో పాటు లేటెన్సీ, ప్యాకెట్ డ్రాప్ కూడా ఉన్నాయి. కాబట్టి పింగ్ గురించి అడగడం కస్టమర్ హక్కే.

ఒక్క చూపులో.. ఏది ముందు, ఏది తర్వాత?

1. గేమ్‌లో పింగ్, ప్యాకెట్ లాస్, ఫ్రేమ్ రేట్ ఆన్ చేసి ఏది మారుతోందో చూడండి.
2. రౌటర్‌కు, బయటికి వేర్వేరుగా పింగ్ పెట్టి సమస్య ఇంట్లోనా, బయటా తేల్చండి.
3. వీలైతే ల్యాన్ కేబుల్, కాకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై.
4. విండోస్ అప్‌డేట్ పంచుకోవడం, క్లౌడ్ సింక్, లాంచర్ డౌన్‌లోడ్లు ఆపండి. ఫోన్ల బ్యాకప్ మర్చిపోవద్దు.
5. రౌటర్‌లో స్మార్ట్ క్యూ లేదా క్యూఓఎస్ ఉంటే వాడండి.
6. దగ్గరి సర్వర్ ఎంచుకోండి.
7. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, మళ్లీ టెస్ట్ చేయండి. తేడా రాకపోతే పాత స్థితికి తెచ్చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా పింగ్ ఎగురుతుంటే, అప్పుడు ప్లాన్ మార్చాలా, కంపెనీనే మార్చాలా అన్నది ఆలోచించొచ్చు. అప్పటివరకు ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోవడం మేలు.